బెత్తానికో శాలువా

ఈమధ్య ఏ ఊళ్ళో చూసినా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలే. టెన్త్ బ్యాచ్ పేరిట వాట్సాప్ గ్రూపు పెడతారు, ఫంక్షన్ హాలు మాట్లాడతారు, ఫ్లెక్సీ కట్టిస్తారు, ముసలి మాస్టార్లను కారెక్కించి తెచ్చి వేదిక మీద కూర్చోబెట్టి శాలువాలు కప్పుతారు. ఇంతవరకూ మంచి పనే. ఆ తర్వాత మైకందుకున్న ప్రతివాడూ ఒకే ఉపన్యాసం చెబుతాడు. "ఆ రోజు లెక్కల మాస్టారు నా వీపు చిట్లగొట్టబట్టే ఈ రోజు బ్యాంకులో ఆఫీసరునయ్యాను." హాలంతా చప్పట్లు. ఇంకొకాయన లేచి తన చేత గోడకుర్చీ వేయించిన ఘట్టం వినిపిస్తాడు. ఆయనకు అమెరికాలో ఉద్యోగం. మూడో ఆయన తొడపాశం దాకా వచ్చి గొంతు పూడిపోయి కళ్ళు తుడుచుకుంటాడు. ఆయనకు రెండు పెట్రోలు బంకులు. లెక్కల మాస్టారు లెక్కలు కూడా చెప్పేవారన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ముప్పై ఏళ్ళు సుద్దముక్కలు అరగదీసిన ఆయన శ్రమంతా దండగ, పేరంతా బెత్తానిదే. న్యాయంగా అయితే శాలువా కూడా దానికే కప్పాలి.

ఇలాంటి సభల్లో నేను గ్రూప్ ఫొటోలో లేనివాళ్ళను వెతుకుతుంటాను. ఏడో తరగతిలోనే బడి ఎగ్గొట్టి లారీ క్లీనరుగా పోయినవాడు అందులో ఉండడు. బెత్తం చూడగానే లాగు తడుపుకుని, మర్నాటి నుంచి బడివేళకు చెరువుగట్టున తేలినవాడూ ఉండడు. నలుగురిలో "మొద్దు" అనిపించుకున్నాక పెద్దమనిషయ్యిందన్న వంక దొరకగానే ఇంట్లో ఉండిపోయిన పిల్ల అసలే ఉండదు. గ్రూప్ అడ్మిన్ దగ్గర వాళ్ళ నంబర్లు లేవు. నిజానికి బెత్తం ప్రభావం గురించి వాళ్ళకు తెలిసినంత బ్యాంకు ఆఫీసరుకు తెలియదు, ఆయన కంటే నాలుగు ఎక్కువే తిన్నారు కాబట్టి. కానీ మన లెక్క వేరు. పాసైనవాడు బెత్తం వల్ల పాసయ్యాడు, ఫెయిలైనవాడు వాడి తలరాత వల్ల ఫెయిలయ్యాడు. ఇంత శుభ్రంగా ఖాతాలు రాయడం ఏ ఆడిటరుకూ చేతకాదు.

పోనీ, ఆ ఆఫీసరుగారు తాను నమ్మిన సిద్ధాంతాన్ని తన బ్రాంచిలోనే అమలు చేయించవచ్చు. సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే మేనేజరు వచ్చి చెయ్యి చాపమనాలి, అది కూడా తిప్పి, వేళ్ళ కణుపులు పైకి ఉండేట్టు. కస్టమర్లు క్యూలో నిలబడి చూస్తుండాలి. ఆ తర్వాత తప్పు దొరుకుతుందో, యూనియన్ నోటీసు వస్తుందో చూద్దాం. నలభై ఏళ్ళ మనిషికి తప్పు దిద్దుకోవడానికి కప్పు టీ, కాస్త టైము కావాలి. ఎనిమిదేళ్ళ పిల్లాడికి మాత్రం దెబ్బ చాలునట.

శాస్త్రప్రమాణం కావాలంటే "దండం దశగుణం" అని పెద్దలు సిద్ధంగా ఉంటారు. ఆ మాట ఉన్న శ్లోకంలో కర్రకు పది ఉపయోగాలు చెప్పారు. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీళ్ళు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. అది చేతికర్ర గురించి. ఆ జాబితాలో మూడో తరగతి పిల్లలు లేరు. మనవాళ్ళు పదకొండో గుణంగా సొంతంగా చేర్చుకున్నారు.

పురాణప్రమాణం అంతకంటే గట్టిది. హిరణ్యకశిపుడు కొడుకును చండామార్కుల దగ్గర రెసిడెన్షియల్లో చేర్పించాడు. కొన్నాళ్ళకు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏం చదువుకున్నావు నాయనా అని అడిగాడు. సిలబస్‌లో లేని జవాబు వచ్చింది. మొదట మాస్టార్ల మీద విరుచుకుపడ్డాడు, అది పేరెంట్స్ మీటింగు. తర్వాత పిల్లాడిని ఏనుగుల చేత తొక్కించాడు, పాముల చేత కరిపించాడు, విషం పెట్టించాడు, కొండల మీంచి తోయించాడు, సముద్రంలో పడేయించాడు. ఈ స్థాయి క్రమశిక్షణ ఏ కార్పొరేట్ కాలేజీ బ్రోచరులోనూ లేదు. అయినా రిజల్టు మారలేదు. పైగా పిల్లాడు గురువులు పక్కకెళ్ళినప్పుడు తోటి పిల్లలకు కూడా తన పాఠమే చెప్పాడు. ఇన్ని వందల ఏళ్ళుగా ఆ కథ చదువుతూ, పద్యాలు కంఠతా పట్టిస్తూ, ఆ పద్యాలు తప్పు చెప్పినందుకు పిల్లల్ని బాదే జాతి మనది. ప్రహ్లాదుడికైతే స్తంభంలోంచి నరసింహస్వామి వచ్చాడు. మన పిల్లాడు స్తంభం వైపు ఎంతసేపు చూసినా పెచ్చులూడిన సున్నమే కనిపిస్తుంది.

"భయం ఉంటేనే చదువు" అన్న సూత్రాన్ని ఒక గుణకారం మీద పెట్టి చూడండి. పదిహేడుని ఆరుతో హెచ్చవేయాలి. ఏడార్లు నలభై రెండు, రెండు వేసి నాలుగు చేతిలో ఉంచుకోవాలి. ఆ నాలుగుని కాసేపు మోయడానికి మెదడులో నుదుటి వెనక ఉన్న భాగం ప్రశాంతంగా పనిచేయాలి. పక్కన బెత్తం ఊగుతుంటే ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది, మెదడు లెక్క వదిలేసి దెబ్బ ఎటునుంచి పడుతుందో కాచుకుంటుంది. ఈలోగా నాలుగు ఎగిరిపోతుంది. ఆ తర్వాత పిల్లాడి చేతిలో నిజంగానే నాలుగు పడతాయి. ఇది రోజూ జరిగే ఇంట్లో, రోజూ జరిగే బడిలో పెరిగినవాడికి ఆ కాచుకోవడమే అలవాటవుతుంది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు, పాఠంలో ఉండడు. అప్పుడు మనం "వాడికి ధ్యాస లేదండీ" అంటాం. ధ్యాస లేకపోవడమా, వాడికున్నంత ధ్యాస ఇంకెవరికీ లేదు. కాకపోతే అది బోర్డు మీద కాదు, మాస్టారి చేతి మీద ఉంది.

అంకెలు కూడా ఉన్నాయి, కాకపోతే సమ్మేళనాల్లో ఎవరూ చదవరు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. బడికి వెళ్ళే పిల్లల్లో 65 శాతం మంది బడిలో దెబ్బలు తిన్నామన్నారు. బెత్తమే ఆఫీసర్లను తయారు చేస్తుందంటే ఈపాటికి దేశంలో ముగ్గురిలో ఇద్దరు కలెక్టర్లు అయ్యుండాలి. ఇళ్ళలో దెబ్బలు తిన్న పిల్లల సంగతికొస్తే, వాళ్ళలో 88.6 శాతం మందిని కొట్టింది కన్నవాళ్ళే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే 'యంగ్ లైవ్స్' పరిశోధకులు మన రెండు రాష్ట్రాల్లో సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ళ తరబడి వెంబడించి చూస్తున్నారు. 2009లో ఎనిమిదేళ్ళ పిల్లల్ని అడిగితే గడిచిన వారంలోనే టీచరు కొట్టారని చెప్పినవాళ్ళు 78 శాతం. పక్కవాడు తినగా చూసినవాళ్ళు పదిమందిలో తొమ్మిది మందికి పైనే. ఇదే అధ్యయనం పెరూ దేశంలోనూ సాగింది. అక్కడ ఎనిమిదేళ్ళప్పుడు దెబ్బలు తిన్న పిల్లలు పన్నెండేళ్ళకు లెక్కల్లో వెనకబడ్డారని తేలింది. అమెరికాలో 2016లో ఇద్దరు పరిశోధకులు యాభై ఏళ్ళ అధ్యయనాలను, లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల వివరాలను కుప్పపోసి వెతికారు. పిరుదుల మీద చరిచే మామూలు దెబ్బ వల్ల కూడా ఒక్క మేలూ కనబడలేదు, కీడు మాత్రం కనబడింది. పాపం, వాళ్ళు మన పెట్రోలు బంకుల ఓనరును అడగలేదు.

చట్టం సంగతి అడగకండి, అది చక్కగానే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే బడిలో కొట్టకూడదని జీవో వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షను శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ఇది తెలియని టీచరు లేడు. అందుకే బెత్తం టేబుల్ మీంచి సొరుగులోకి మారింది. సీసీ కెమెరా ఉన్న ప్రైవేటు బళ్ళు ఇంకాస్త నాగరికమయ్యాయి. కొట్టరు, మార్కులు అందరి ముందూ చదివి వినిపిస్తారు, ఫీజు కట్టనివాడిని గుమ్మం బయట నిలబెడతారు, తక్కువ మార్కులవాడిని చివరి సెక్షనుకు పంపి ఆ సెక్షను పేరు చెప్పుకోవడానికే సిగ్గుపడేట్టు చేస్తారు. తల్లిదండ్రులు వచ్చి, "నాలుగు తగిలించండి సార్, మేమేమీ అనుకోం" అని చట్టాన్ని మాఫీ చేసి వెళ్తారు. ఒక్కో క్లాసులో అరవై మందిని కుక్కి, కౌన్సెలర్ అన్నవాడిని ఏ జిల్లాలోనో ఒకణ్ణి పెట్టి, సిలబస్ పూర్తి కాలేదేమని టీచరును నిలదీసే పైవాళ్ళు కూడా ఏమీ అనుకోరు.

కొట్టడం ఒక పక్క, ఇక పిల్లల్ని పట్టించుకోని నిర్లక్ష్యం ఇంకో పక్క. ఈ మాట అంటే పేదవాళ్ళ వైపు వేలు చూపడం సులువు. పాలమూరు నుంచి వలస పోతూ పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలిన తల్లిని నిర్లక్ష్యం చేసిందంటాం. ఆమెకు దారి లేక వదిలింది, దాన్ని దరిద్రం అంటారు. దారులన్నీ ఉండి ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ పేరిట హాస్టల్లో పడేసి, తెల్లారకముందే లేపి రాత్రి పది దాటాక పడుకోబెట్టే చోట ఉంచి, ఆదివారం క్యూలో నిలబడి అయిదు నిమిషాలు ఫోన్లో ఏడ్చిన పిల్లాడిని "వీక్లీ టెస్టులో ఎంతొచ్చింది?" అని అడిగే తండ్రిని మాత్రం బాధ్యత గల పేరెంట్ అంటాం. ఆయన దగ్గర రసీదు ఉంది మరి. పిల్లాడికి జ్వరమొచ్చిందని వార్డెను చెప్పలేదు, తండ్రి అడగలేదు, ఫీజు టర్ము మాత్రం ఇద్దరికీ గుర్తుంది.

మూడో బెంచీ పిల్లాడిని ఒకణ్ణి దగ్గరగా చూడండి. రాత్రి తండ్రి తాగొచ్చాడు. తల్లి పిల్లల్ని తీసుకుని పక్కింటి అరుగు మీద పడుకుంది. పుస్తకాల సంచి ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున్నే అది అందుకుని బడికొచ్చేసరికి ప్రార్థన అయిపోయింది. లేటుగా వచ్చినందుకు గుంజీలు. తర్వాత, "హోంవర్క్ ఏదిరా?" వాడు తల దించుకుని "మర్చిపోయాను సార్" అంటాడు. మర్చిపోతే రెండు దెబ్బలు, బడిలో రేటు అది. నిజం చెబితే దెబ్బలుండవేమో గానీ, తర్వాత క్లాసంతా వాడి వంక చూసే చూపుంటుంది. రెండు దెబ్బలే నయం. ఈ బేరం వాడు ఎనిమిదేళ్ళకే నేర్చుకున్నాడు, ఎవడు చెప్పాడు వాడికి తెలివి లేదని? ప్రోగ్రెస్ కార్డులో రిమార్క్సు గడి ఒకటుంటుంది. అందులో "అశ్రద్ధ" అని రాస్తారు. కింద తండ్రి సంతకం తెమ్మంటారు. ఏ తండ్రి అని అడగకండి, ఆ తండ్రే. ఆ కార్డు ఇంటికి చేరినపుడు జరిగేదాని వల్ల వచ్చే నెల కార్డు ఇంకాస్త తీసికట్టుగా వస్తుంది. దానికీ ఆయన సంతకమే కావాలి. బడి కార్డు పంపుతుంది, ఇల్లు దెబ్బ పంపుతుంది, మధ్యలో పోస్టుమాన్ పని పిల్లాడిది.

ఈ పోస్టు సర్వీసు మీద కూడా ఎవరో పరిశోధన చేశారు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 2015-16 విద్యా సంవత్సరం వివరాలు తీసుకుని, బళ్ళు మార్కుల కార్డులిచ్చిన తేదీల పక్కన పిల్లల మీద దాడి జరిగినట్టు నిర్ధారించిన కేసుల తేదీలు పెట్టి చూశారు. అయిదు నుంచి పదకొండేళ్ళ పిల్లల సంగతి. శుక్రవారం కార్డులిచ్చిన చోట మర్నాడు, అంటే శనివారం, ఆ కేసులు మామూలు శనివారాల కంటే దాదాపు నాలుగు రెట్లు తేలాయి. వారం మధ్యలో ఇచ్చినచోట ఆ తేడా కనిపించలేదు. 2019లో ఒక పెద్ద వైద్య పత్రిక దీన్ని అచ్చేసింది. మర్నాడు బడి ఉంటే ఒంటి మీద వాతలు టీచరు కంట పడతాయన్న జంకు ఉంటుంది కాబోలు. కార్డులు శుక్రవారం ఇవ్వకపోతే సరిపోతుందని సూచించారు. పైసా ఖర్చు లేని సలహా.

మా కాలనీ బడి కార్డుల కాలం దాటిపోయింది. ఇప్పుడు మార్కులు నేరుగా తండ్రి ఫోనుకే వస్తాయి, పిల్లాడు బస్సు దిగకముందే. ఏ రోజు పంపుతారని ఆఫీసులో అడిగాను. కౌంటరులో అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది.

"శనివారం సాయంత్రం పంపుతామండీ. మామూలు రోజుల్లో ఫాదర్స్ బిజీగా ఉంటారు కదా. ఆదివారమైతే పిల్లల మీద పూర్తిగా దృష్టి పెట్టడానికి వీలుంటుంది."