ఎన్నడుగులుందీ?

భద్రాచలంలో జూలై, ఆగస్టు నెలల్లో "బాగున్నారా" అని ఎవరూ పలకరించరు. "ఎన్నడుగులుందీ?" అంటారు. గోదావరి సంగతి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. గంటగంటకూ ఆ అంకె టీవీలో వస్తుంది, వాట్సాప్‌లో వస్తుంది. అయినా మా వీధి గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, సరిగ్గా పై మెసేజీలో అదే అంకె కనిపిస్తున్నా సరే. అంకె చెప్పినవాడికి కనీసం బొటనవేలు బొమ్మ కూడా పడదు. "తగ్గుద్దిలే అన్నా, ఏం కాదు" అన్నవాడికి పదిమంది దండాలు పెడతారు.

2022 జూలైలో మూడో హెచ్చరిక ఇచ్చిన రోజు మా పక్కింటి బాబాయ్ నన్ను బయటికి పిలిచి, "ఇల్లు ఖాళీ చెయ్యాలంటావా?" అని అడిగాడు. నిజంగానే అడుగుతున్నాడనుకుని లెక్క మొదలుపెట్టాను. ఎగువన పేరూరు దగ్గర ఎంతుంది, తాలిపేరు గేట్లు ఎన్ని ఎత్తారు, దిగువన కూనవరం దగ్గర శబరి ఎదురు తన్నితే మన దగ్గర నీళ్లు ఎంత నెమ్మదిగా తీస్తాయి... బాబాయ్ ఓపిగ్గా తలూపుతున్నాడు. ఆయన వెనక ట్రాలీ ఆటోలో బీరువా, గ్యాస్ బండ, రెండు బియ్యం బస్తాలు, వాటి మీద బోర్లించిన కుక్కరు. డ్రైవరు పక్కన కూర్చున్న పిన్ని అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టించింది. నా లెక్క ఇంకా శబరి దాటకముందే, "అయితే వెళ్లిపొమ్మంటావ్, అంతేగా" అనేసి ఆటో ఎక్కాడు. పాల్వంచలో బావమరిది ఇంట దిగి, "పక్కింటి కుర్రాడు మరీ మరీ చెప్తేనే వచ్చాం" అన్నాడట. రేపు వరద రాకపోతే తిట్టడానికి ఒక మనిషి ఉండాలి కదా మరి.

అడిగేవాళ్లలో ఇది తలూపుడు కోరే జాతి. రెండోది తగువు కోరే జాతి. "ఇది ఎనభై ఆరు కంటే పెద్దదంటావా?" అని కరకట్ట మీద ఒక కుర్రాడు అడిగాడంటే, పక్కన పెద్దాయన ఎవరో ఉన్నారని చూసుకునే అడిగాడన్నమాట. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. ఆ అంకె మా పెద్దలకు పిత్రార్జితం. 2022లో నీళ్లు పెరుగుతుంటే వాళ్ల ముఖాల్లో భయంతో పాటు ఆస్తి పోతుందేమోనన్న బెంగ కూడా కనిపించింది. చివరికి 71.3 దగ్గర ఆగింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది, పెద్దాయనలు కాస్త ఎక్కువగా పీల్చుకున్నారు.

నా మటుకు నాకు తగువు జాతే నయం. తలూపుడు కోరేవాడు మన మాట వినడు, మన మెడకేసి చూస్తాడు. తగువు కోరేవాడు ప్రతి మాటా వింటాడు, ఎక్కడ పట్టుకోవాలో తెలియాలిగా!

వీళ్లకు ఈ సరిహద్దులో సరుకు కొరత లేదు. "నాకు తెలియక అడుగుతున్నా, ఎటపాక మనదా వాళ్లదా?" అంటాడు ఒకడు టీ బండి దగ్గర. తెలియక అడుగుతున్నా అన్నాడంటే మూడు పేజీల సమాధానం జేబులో ఉందని అర్థం. 2014లో పోలవరం ముంపు పేరిట ఎటపాకతో సహా చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. రాముడు ఇక్కడ, ఆయన భూములు పక్కనే పురుషోత్తపట్నంలో, అంటే ఇంకో రాష్ట్రంలో. "అసలు మీరు 1959 దాకా తూర్పు గోదావరేగా" అని ఇంకొకడు అందుకుంటాడు. "ఇప్పుడు ఖమ్మం కూడా కాదు, 2016 నుంచి కొత్తగూడెం జిల్లా" అని మూడోవాడు. గ్లాసులు ఖాళీ అవుతాయి. ఎటపాక ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఇంకో రౌండు టీ చెప్పిన తర్వాత సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయింది మన పర్ణశాల నుంచా, నాసిక్ పంచవటి నుంచా అన్నది మొదలవుతుంది. దాని జోలికి నేను పోను, ఇంటికెళ్లాలి.

అయినా వీళ్లను అని ఏం లాభం? ఈ విద్యకు మూలపురుషుడు గుళ్లోనే ఉన్నాడు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, పాల్వంచ తహసీల్దారు, మన రామదాసు. సర్కారు పైకం ఆరు లక్షలు గుడికి ఖర్చుపెట్టాడని తానీషా గోల్కొండ కోటలో పన్నెండేళ్లు బంధించాడని చెబుతారు. అక్కడ కూర్చుని రాముణ్ని అడిగాడు: ఏ నగకు ఎన్ని వరహాలయ్యాయి, ఇదంతా ఎవరి సొమ్మనుకుంటున్నావు అని పద్దు విప్పి మరీ అడిగాడు. జవాబు కోసమా? ఆ లెక్కలు ఆయనకు తెలియకనా! ఒకసారి గట్టిగా తిట్టాక, దెబ్బల బాధలో నోరు జారిందని సర్దుకున్నాడు కూడా. మా గ్రూపులో "ఊరికే అడిగా, ఏమనుకోవద్దు" అని పెట్టినట్టే.

రాముడు మాత్రం ఇలాంటివాళ్లతో ఎలా నెగ్గాలో తెలిసినవాడు. రామదాసుకు ఒక్క ముక్క జవాబివ్వలేదు. అర్ధరాత్రి తమ్ముణ్ని వెంటబెట్టుకుని నేరుగా తానీషా దగ్గరకే వెళ్లి, పైసలు కట్టి, రసీదు రాయించుకుని, దాన్ని తెచ్చి రామదాసు తలగడ దగ్గర పెట్టి వెళ్లిపోయాడట. అదీ ఆయన నిద్రపోతున్నప్పుడు చూసుకుని. మేలుకుని ఉంటే వడ్డీ సంగతేమిటని అడిగేవాడు.