మూడు కాళ్ల ముసలిదాన్ని

నేను ట్రైపాడ్‌ని. అదీ కర్రతో చేసిన పాతకాలపు దాన్ని. నా కర్ర యాష్ చెట్టుది. ఆ చెట్టును మీరు చూడకపోయినా దాని కర్రను టీవీలో చూసే ఉంటారు. క్రికెట్ స్టంపులు చేసేది ఎక్కువగా దానితోనే. అంత సులువుగా విరగదు, అదురును తనలోనే దిగమింగుకుంటుంది. కెమెరా మోసేదానికి కావలసిన గుణం అదే. ఇక నా పుట్టుకంటారా, కోశారు, చిత్రిక పట్టారు, ఇత్తడి మరలు బిగించారు, అమ్మేశారు.

నన్ను కొన్న దొరది ఇంగ్లండ్‌లో చిల్టర్న్ కొండల ప్రాంతం. ఆయనకు చెట్ల ఫొటోలంటే పిచ్చి. చెట్టు ఎక్కడికీ పోదు కదా, ఫొటో తీయడం ఎంతసేపు అంటారు చాలామంది. కానీ ఎండ కాస్తే అడవి నేలంతా తెల్లమచ్చలు, నల్లనీడలు. ఆ రెంటినీ ఒకే ఫిల్ము పట్టుకోలేదు. అందుకని దొర మబ్బు కోసం కాచుక్కూచునేవాడు. 1990లో వచ్చిన వెల్వియా ఫిల్ము వేసేవాడు. అది ఆకుపచ్చను ఉన్నదానికంటే చిక్కగా చూపేది, కానీ వెలుతురును తెగ తాగేది. తడి ఆకుల మీద మెరుపు తగ్గించడానికి లెన్సుకు పోలరైజర్ ఫిల్టరు తగిలిస్తే మిగిలిన వెలుతురులో సగానికి పైగా పోయేది. ముందున్న పువ్వూ, వెనకున్న మానూ రెండూ స్పష్టంగా రావాలని లెన్సు రంధ్రాన్ని, అంటే ఎపర్చరును, ఎఫ్/16కు కుదిస్తే, షట్టరు రెండు మూడు సెకన్లు తెరిచే ఉంచాలి. ఆ కాసేపు దొర ఊపిరి బిగబట్టేవాడు, నేను బిగుసుకుని నిలబడేదాన్ని. ఫొటో బాగా వస్తే అందరూ లెన్సును పొగిడేవారు. మోత నాది, పేరు దానిది.

ఏప్రిల్ చివర యాష్రిడ్జ్‌లోని డాకీ వుడ్‌కు వెళ్లేవాళ్లం. నెత్తిన బీచ్ చెట్ల ఆకులు కమ్ముకుని ఎండను ఆపేసేలోగా బ్లూబెల్స్ అనే నీలి పూలు గబగబా పూసేస్తాయి. వాటి ఆకులను తొక్కితే మొక్క కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. దొర నా మూడు కాళ్లనూ బాట దాటనిచ్చేవాడు కాదు. పూల మధ్యకు దూరిపోయేవాళ్లను చూసి, వాళ్ల ట్రైపాడ్ల తరఫున నేనే సిగ్గుపడేదాన్ని. ఎండాకాలం అడవంతా ఒకటే పచ్చ, మాకు సెలవు. అక్టోబరు చివర బర్నమ్ బీచెస్. 1880లో లండన్ నగర కార్పొరేషన్ కొని కాపాడిన అడవి అది. పశువులకు చిగురు అందకుండా, వంటచెరకు కోసం తలను మించిన ఎత్తులో కొమ్మలు నరుకుతూ రావడంతో అక్కడి బీచ్ చెట్లు బొజ్జలు పడి, వంకర్లు తిరిగి శతాబ్దాలు బతికాయి. ఆకు రాగిరంగుకు తిరిగిందంటే కాలు పెట్టే చోటు కోసం మాలో మాకే పోటీ. చలికాలం పొగమంచు వెనకాల కొమ్మల చిక్కునంతా చెరిపేసి, ఒక్క చెట్టును విడదీసి చూపేది. ఆ చలిలో లోహపు ట్రైపాడ్‌ను ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. నన్ను మాత్రం ఉత్త చేతుల్తో పట్టుకోవచ్చు. ఆ గర్వం నాకిప్పటికీ ఉంది.

ఇన్ని చెట్లను తీసిన దొర మా యాష్ వైపు ఒక్కసారీ కెమెరా తిప్పలేదు. మావాళ్లు అందరికంటే ఆలస్యంగా చిగురిస్తారు, చాలామందికంటే ముందే ఆకు రాలుస్తారు, అదీ తరచూ పచ్చిగానే. రంగు లేదు, కాబట్టి ఫొటో లేదు. 2012లో మా చిల్టర్న్ కొండలు పరుచుకున్న బకింగ్‌హమ్‌షైర్‌లోనే ఒక నర్సరీలోని యాష్ మొక్కల్లో, తూర్పు ఆసియాలో పుట్టిన శిలీంధ్రపు తెగులు బయటపడింది. రాలిన ఆకుల కాడల మీద బుల్లి తెల్ల పుట్టగొడుగులు మొలిచి గాలిలోకి సిద్ధబీజాలు వదులుతాయి. చెట్టు కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వస్తుంది. బ్రిటన్‌లోని యాష్ చెట్లలో 80 శాతం దాకా పోవచ్చని అంచనా. ఎండిన చెట్టు పెళుసై విరిగి పడుతుందని బాటల పక్కనున్నవాటిని కొట్టేస్తున్నారు. విరగదని పేరుపడ్డ కర్రకు ఆ గతి! అప్పుడొచ్చాయి కెమెరాలు, మోడుల ఫొటోల కోసం.

నా గతి చెప్పనా? వానలో తడిసి వస్తే తుడిచే దిక్కుండేది కాదు, అలాగే కారు డిక్కీలో పడేసేవాడు. కర్ర ఉబ్బి కాలు లోపలికి దిగకపోతే నన్నే తిట్టేవాడు. తర్వాత డిజిటల్ కెమెరా వచ్చింది, చేతి వణుకును అదే సర్దుకుంటుందట. దానికి తోడు కార్బన్ ఫైబర్ ట్రైపాడ్, నా బరువులో సగం కూడా ఉండదు. నన్ను గ్యారేజీలో పెయింటు డబ్బాల వెనక్కి నెట్టేశారు. కాళ్ల కొసల ములుకులు తుప్పుపట్టాయి, కాళ్ల సందుల్లో సాలీళ్లు కాపురం పెట్టాయి. గ్యారేజీ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నా కోసమే అనుకునేదాన్ని. గడ్డి కోసే మిషన్‌ను తీసుకుని పోయేవారు.

చివరికి, జనం కారు డిక్కీలు తెరిచి పాతసామాన్లు అమ్ముకునే ఆదివారపు సంతలో ఒకావిడ నన్ను కొంది. గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి, నా నెత్తిన దీపం బిగించి సోఫా పక్కన నిలబెట్టింది. కెమెరా మోసినన్నాళ్లూ దక్కని నూనె, బల్బు మోస్తే దక్కింది.

ఈ ఇంటి కిటికీలోంచి ఒక యాష్ చెట్టు కనిపిస్తుంది. తెగులును తట్టుకునే చెట్లు కొన్ని ఉన్నాయట, ఇది వాటిలోదేనేమో, ఇంకా నిండుగా ఆకు వేస్తోంది. మోడయ్యేదాకా ఆగకుండా, ఆకులుండగానే ఎవరైనా దానికో ఫొటో తీయండి. ట్రైపాడ్ లేదంటారా? ఈ దీపం మరలు విప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను.