కాబోయే ప్రెసిడెంటు

మా బాబాయికి అన్యాయం అంటే గిట్టదు. ఎండాకాలం తునికాకు కల్లంలో, 50 ఆకుల కట్టలు వంద పోస్తే తొంభై అయిదే రాశారని ఎవరైనా వచ్చి చెప్పారంటే ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. చెయ్యి కడుక్కుని లేస్తాడు. లేచి కల్లం దగ్గరికి పోతాడనుకునేరు. బీరువా మీద నుంచి పొడుగాటి పద్దు పుస్తకం దించి, తేదీ వేసి, ఆ అన్యాయాన్ని అందులో ఎక్కిస్తాడు. ఎదురుగా ఒక గడి ఖాళీగా వదులుతాడు. ఆ గడి పైన ఆయన చేతి రాతే: "పదవి వచ్చాక తీసుకోవలసిన చర్య."

"ఇప్పుడే పోయి అడగొచ్చు కదా బాబాయ్" అంటే నా వైపు జాలిగా చూస్తాడు.

"ఏ హోదాలో అడగమంటావురా?"

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో ఇలాంటి బాబాయి లేని ఊరు నాకు కనపడలేదు. గంజి పెట్టిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. శ్రీరామనవమి వస్తే భద్రాచలం పోయే భక్తులకు చేతులు జోడించి స్వాగతం చెప్పే ఫ్లెక్సీ. అందులో రాముడు మూలన ఉంటాడు, బాబాయి మధ్యలో ఉంటాడు. పెళ్ళి కుదరకముందే పట్టుపంచె కొని పెట్టెలో దాచినట్టు, మా బాబాయి పదవి రాకముందే లెటర్‌హెడ్ అచ్చువేయించాడు. పేరు కింద ఏదో ఒకటి ఉండాలి గదా అని ప్రెస్సువాడు అడిగితే కాసేపు ఆలోచించి "మాజీ అభ్యర్థి" అని వేయించాడు. ఊళ్ళో మాత్రం అందరూ ఆయన్ను "కాబోయే ప్రెసిడెంటు" అనే పిలుస్తారు. పిలుపులో వెటకారం ఉందని ఆయనకు తెలుసు. అయినా పలుకుతాడు.

ఆయన కష్టాల్లో సగం మా ఊరి భూగోళం వల్ల వచ్చినవి. ఊరి చివర వాగు దాటితే ఏజెన్సీ. ఐదో షెడ్యూలు ప్రాంతం కాబట్టి 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడ సర్పంచ్ పదవులన్నీ గిరిజనులవే. గిరిజనేతరులు అక్కడ భూమి కొనుక్కోవడానికి 1/70 చట్టం అడ్డం. బాబాయి రెండు చట్టాలనూ మెచ్చుకుంటాడు. కోయల పొలాలు అప్పుల కింద ఎట్లా జారిపోయాయో తాతయ్య నోట విన్నవాడాయన. "చాలా న్యాయమైన చట్టాలురా" అంటాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి "నా ఒక్కడికే కాస్త అన్యాయం జరిగింది" అంటాడు. అదీ పద్దులో ఉంది.

వాగు ఇవతల మా పంచాయతీలో రిజర్వేషన్ మారుతూ ఉంటుంది. కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చాక 1995లో జరిగిన మొదటి ఎన్నికల్లో సీటు మహిళలకు పడింది. బాబాయి కుంగిపోలేదు. పిన్ని చేత నామినేషన్ వేయిద్దామని పూలు కొనుక్కుని ఇంటికొచ్చాడు. పిన్ని పూలు తీసుకుని, "నిలబడతా. గెలిస్తే సంతకం నేనే పెడతా, కుర్చీలో నేనే కూర్చుంటా. మీరు బియ్యం ఏరిపెట్టండి" అంది. నామినేషన్ అక్కడితో ఆగిపోయింది. 2001లో సీటు జనరల్‌కు వచ్చింది. బాబాయి డప్పులతో పోయి నామినేషన్ వేశాడు. పరిశీలన రోజు ఎదుటి పక్షం వాళ్ళు లేచి, 1995 మే 30 తర్వాత పుట్టిన ఆయన మూడో సంతానాన్ని చూపించారు. అప్పట్లో ఇద్దరికి మించితే అనర్హతే. ఆ పిల్లవాడు అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఐస్ తింటున్నాడు. ఇప్పుడు వాడికి పెళ్ళయింది, ఊళ్ళో ముద్దుపేరు మాత్రం ఇప్పటికీ "అభ్యంతరం".

పదవి అసలే రాలేదంటే అబద్ధం. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చినప్పుడు మా చెరువు సంఘానికి ఆయనే అధ్యక్షుడయ్యాడు. చెరువు శిఖం భూమిని ఒక పెద్దమనిషి దున్నుకుంటున్నాడన్నది ఆయన పద్దులో మొదటి పేజీ. ఇక తేలిపోతుందని ఊరంతా చూసింది. బాబాయి దండ వేయించుకున్నాడు, ఫొటో దిగాడు, వారం తిరగకుండా తేల్చేశాడు: "ఈ పదవికి అధికారాల్లేవురా. మండలం స్థాయిలో ఉంటే గానీ పని కాదు." మండలం వాళ్ళను అడిగితే జిల్లా పరిషత్ అన్నారట. జిల్లా పరిషత్‌కు నిధుల్లేవట. ఎమ్మెల్యేకు మంత్రి అడ్డమట. ఈ లెక్కన అన్యాయాన్ని ఎదిరించాలంటే రాష్ట్రపతి కావాలి. ఆ రాష్ట్రపతి చేతిలోనూ ఏమీ లేదని బాబాయి ఎక్కడో చదివాడు.

వాదనలో ఆయన్ను ఎవరూ పట్టలేరు. "నేలకొండపల్లి గోపన్న పాల్వంచ పరగణాకు తాసిల్దారు కాకపోతే భద్రాద్రిలో గుడి లేచేదా?" అంటాడు. ఆ గుడికి పోసింది తానీషాకు కట్టాల్సిన శిస్తు డబ్బనీ, దానికి గోల్కొండలో పన్నెండేళ్ళు చెరసాల పడిందనీ గుర్తుచేస్తే చెయ్యి అడ్డం ఊపుతాడు. "పేరు మిగిలిందా లేదా?" పిన్ని మాత్రం వంటింట్లోంచే జవాబు చెప్తుంది. ఇల్లందులో అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్యనూ, భద్రాచలంలో మూడుసార్లు గెలిచి ఆటోలో, బస్సులో తిరిగిన సున్నం రాజయ్యనూ పేరుపేరునా ఎత్తి, "వాళ్ళు ముందు జనంలో తిరిగారు, తర్వాత గెలిచారు. మీరు గెలిచాక తిరుగుతానంటున్నారు" అంటుంది. బాబాయి అప్పుడు రేడియో గొంతు పెంచుతాడు.

నాకూ ఆయనతో ఒక చిన్న లెక్క ఉంది. మా పక్క పొలం ఆసామి ఏటా దుక్కిలో మా గట్టు కొంచెం కొంచెం కోసుకుంటున్నాడు. బాబాయికి చెప్పాను. "నేను వచ్చిన తెల్లారే సర్వేయరును దింపుతా" అన్నాడు. ఆ మాట నమ్మి ఎన్నికకో కరపత్రం రాసిచ్చాను, "అవినీతికి సింహస్వప్నం" అని నేనే రాశాను. గట్టు ఇప్పుడు మేక నడవడానికి కూడా లేదు. సింహం ఇంకా స్వప్నంలోనే ఉంది.

ఆయన కోపం దొంగ కోపం కాదు. 2017లో ఖమ్మం యార్డులో మిర్చి ధర పడిపోయి గొడవ జరిగాక, రైతులను సంకెళ్ళు వేసి కోర్టుకు తెచ్చిన రోజు టీవీ ముందు కూర్చుని ఏడ్చాడు. పద్దులో ఎర్రసిరాతో రాశాడు. మర్నాడు కొందరు రైతులు ఖమ్మం పోదాం రమ్మంటే మాత్రం చొక్కా తొడిగి, గుండీలు పెట్టుకుని, మళ్ళీ విప్పేశాడు. కారణం మీకు తెలుసు.

వాగు అవతల గుంపు నుంచి కోయ ఆడవాళ్ళు పోడు భూముల సంగతి చెప్పుకోవడానికి వచ్చేవాళ్ళు. "పెద్దయ్యా, ఫారెస్టోళ్ళు కందకం తవ్వుతున్నరు" అంటే మజ్జిగ ఇప్పించి, ఓపిగ్గా విని, పద్దులో ఎక్కించి పంపేవాడు. కొన్నాళ్ళకు వాళ్ళు రావడం మానేశారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభలోనేనని ఎవరో చెప్పారట. గ్రామసభలో కూర్చుని హక్కుల కమిటీ వేసుకున్నారు. 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచే సాగులో ఉన్నామని ముసలివాళ్ళ చేత చెప్పించారు, తీర్మానం రాయించారు. సోమవారం సోమవారం భద్రాచలం ఐటీడీఏ గిరిజన దర్బార్‌కు పోయి అరుగు మీద కూర్చున్నారు. 2023లో ప్రభుత్వం రాష్ట్రమంతా 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచినప్పుడు వాళ్ళలో చాలామందికి కాగితం చేతికొచ్చింది. రానివాళ్ళు ఇంకా పోతూనే ఉన్నారు. ఈ కథంతా విని బాబాయి అడిగిన మొదటి ప్రశ్న: "ఆ కమిటీకి అధ్యక్షుడు ఎవరట?"

బాబాయి మాటలో సగం నిజముంది, అదీ ఒప్పుకోవాలి. తెల్లకాగితం మీద అర్జీ పట్టుకెళ్ళిన వాడికి మన ఆఫీసుల్లో కుర్చీ చూపించరు. లెటర్‌హెడ్ పట్టుకెళ్ళిన వాడికి టీ కూడా వస్తుంది. ఆ టీ తాగొచ్చిన వాళ్ళను జీవితమంతా చూసి చూసి ఆయన ఇట్లా అయ్యాడు.

2022 జులైలో గోదావరి పొంగినప్పుడు ఆయన బూర్గంపాడులో కూతురింట్లో ఉన్నాడు. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు 71.3 అడుగులు వచ్చింది. అల్లుడి ట్రాక్టరు తీసుకుని, లుంగీ ఎగగట్టి, ముసలివాళ్ళను, పిల్లలను, ఒకరి కుట్టుమిషనును, ఇంకొకరి మేకలను మోసి స్కూలు భవనంలో దించాడు. బియ్యం తక్కువొస్తే అధికారి మీద అరిచి మరీ తెప్పించాడు. ఏ హోదాలో అరుస్తున్నావని ఆ అధికారి అడగలేదు, ఈయనకూ గుర్తు రాలేదు. నీళ్ళు తీశాక విలేకరి వచ్చి "మీరెవరండీ?" అంటే, మా బాబాయి మొదటిసారి తడబడి "ఇక్కడి అమ్మాయి వాళ్ళ నాన్నను" అన్నాడు. నేను గర్వంగా ఫోన్ చేశాను. అప్పటికి తేరుకున్నాడు. "పదవి ఉంటే రెండు ట్రాక్టర్లు తెచ్చేవాణ్ణిరా" అన్నాడు.

మీ ఊళ్ళోనూ ఇలాంటి బాబాయి ఉంటాడు. నవ్వుకోండి, తప్పులేదు. ఓటు వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా మనవి వేరే. రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. ఈసారి దండోరా వేసిన రోజు ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పద్దు పుస్తకం ఒళ్ళో పెట్టి ముందు వరసలో కూర్చోబెట్టండి. అక్కడ లేచి అడగడానికి ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు.