పాడి లెక్కలో లేనిదాన్ని

నా మెడ కింద రెండు చన్నులు వేలాడుతుంటాయి. వాటిలోంచి పాలు రావు. ఎందుకూ కొరగాని మనిషిని మీరు మేకమెడ చన్ను అంటారే, ఆ ఎగతాళి నా ఒంటి మీద పుట్టిందే. అందుకు కోపం లేదు. ఆ మాట అనేవాళ్లలో ఒక్కరైనా కాస్త వంగి నా పొదుగు చూశారా అన్నదే నా బాధ. అక్కడ ఇంకో రెండున్నాయి. మంచి ఈతలో ఉదయం ముప్పావు లీటరు, సాయంత్రం అర లీటరు ఇస్తాయవి.

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో ఇదొకటి. మా అమ్మ నాటుమేక, నల్లది, మొండిది, ముళ్లకంపను కూడా వదిలేది కాదు. నాయన జమునాపారి పోతు. వాళ్ల వంశానిది యమునకు అవతల ఇటావా ప్రాంతం. వంపు తిరిగిన ముక్కు, వేలాడే చెవులు, తొడల వెనక పొడుగాటి వెంట్రుకలు. ఈ జాతి పోతుల్ని కూడా ఇంగ్లండు తీసుకుపోయి అక్కడి మేకలతో కలపబట్టే ఆంగ్లో నూబియన్ అనే పాడి జాతి తయారైంది. ఇండోనేషియాలో మా చుట్టాల్ని ఇప్పటికీ ఇటావా పేరుతోనే పిలుస్తారు. నాకు నాయన చెవులూ పాలూ వచ్చాయి, అమ్మ మొండితనం వచ్చింది. ఈ ఎండల్లో నిలబడేది ఆ రెండోదాని వల్లే.

ఈ ఇంట్లో ఒకప్పుడు ఆవు ఉండేదట. కరువులో అమ్మేశారు. ఆవుకు గడ్డి కావాలి, తొట్టి నిండా నీళ్లు కావాలి. నాకైతే గట్టు మీద రేగుకంప చాలు, ముందుకాళ్లు ఎత్తి నిలబడితే తుమ్మకొమ్మ అందుతుంది. ఇంటికొచ్చాక నాలుగు అవిసె మండలు, పిడికెడు తవుడు, ఎండాకాలం వేరుశనగ కట్టె. సుబాబుల్ ఆకు మహా రుచి, కానీ అచ్చంగా అదే మేపితే వెంట్రుకలు రాలిపోతాయి. కోసిన జొన్నచేలో లేచే నాము మాత్రం మా పాలిట విషం. ఆ సంగతి మా పెద్దకోడలికి తెలుసు కాబట్టి నేను బతికున్నాను. పక్కింటివాళ్ల మేక బతికి లేదు.

మా ఇంట్లో పాలు పిండేది అవ్వ. చలికాలమైతే ముందు గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడుగుతుంది. తర్వాత గంప కింద మూసిన నా పిల్లల్ని వదిలి రెండు గుక్కలు తాగనిస్తుంది. అప్పుడు గాని నాకు పాలు చేపవు. మొదటి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూస్తుంది. పలుకులు కనబడితే పొదుగువాపు మొదలైనట్టే, ఆ పూట పాలు గిన్నెలోకి పోవు. మొన్న మనవరాలు తానూ పిండతానని కూర్చుంది. బొటనవేలు మడిచి, చన్నును సాగదీసి లాగింది. నేను కాలు ఝాడించాను. గిన్నె అటు, పిల్ల ఇటు.

"అట్ల లాగొద్దే పాపా" అంది అవ్వ. "చన్ను మొదట్లో బిగబట్టు. ఇంక పైనుంచి కిందికి ఒక్కొక్క వేలే మూసుకుంటా రా. పిడికిలి పట్టాల, పీకకూడదు. దానికీ నొప్పుంటాది."

"తన్నింది కదవ్వా!"

"నువ్వైతే తన్నవా?"

అవ్వను నేను ప్రేమించేది ఇందుకే. పిండడం అయిపోగానే నా ముందు ఇంత మేత వేస్తుంది. తన అత్త అలా చేసేదట, ఎందుకో ఆమె చెప్పలేదట. పశువుల డాక్టరు వచ్చినప్పుడు చెప్పాడు: పాలు పిండాక చన్ను రంధ్రం కాసేపు తెరుచుకునే ఉంటుంది. మేక వెంటనే పేడలో పడుకుంటే మురికి లోపలికి పోయి పొదుగు వాస్తుంది. మేత ఉంటే నిలబడి తింటుంది, ఆలోపు రంధ్రం మూసుకుంటుంది. అవ్వ తలాడించి, "మా అత్తకు ఇవన్నీ తెలిసే ఉంటాయిలే, సెప్పలేదంతే" అంది. అత్తాకోడళ్ల మధ్య నేనేమంటాను?

పాలు ఊరికే రావు, ఈనితేనే వస్తాయి. ఎద మూడు వారాలకోసారి వస్తుంది, ఒకటి రెండు రోజులుంటుంది. అప్పుడు తోక ఊపుతూ అరుస్తాను, పైగా మేత మీద ధ్యాస ఉండదు. పోతు దగ్గరికి తీసుకెళతారు. మేకపోతు గాంభీర్యం గురించి మీకు చెప్పక్కర్లేదు. తన గడ్డం మీద తనే మూత్రం పోసుకుని అదే అత్తరనుకునే పెద్దమనిషి. అతణ్ణి నా పక్కన కట్టేస్తే ఆ వాసన పాలకూ పడుతుంది, అందుకే మా ఇంట్లో పోతును ఉంచరు. మేకపాలు వాసన అని ముక్కు మూసుకునేవాళ్లు చాలాసార్లు మూసుకోవలసింది పోతు వాసనకూ కడగని గిన్నెకూ.

కట్టిన తర్వాత 150 రోజులు, అటూ ఇటుగా. చివరి రెండు నెలలు పాలు పిండడం ఆపేస్తారు, లేకపోతే కడుపులోని పిల్లకు అందదు. ఈనిన గంటలోపే పిల్లలు ముర్రుపాలు తాగాలి. మీ ఇళ్లలో జున్నంటే అందరికీ నోరూరుతుందని తెలుసు. అవ్వ మాత్రం పిల్లల కడుపు నిండేదాకా జున్ను ఊసెత్తనివ్వదు.

ఇక నా కొడుకుల సంగతి. ఇది చెప్పకుండా మేకపాల గొప్పలు చెప్పేవాళ్లను నమ్మకండి. ఆడపిల్ల పుడితే మందలో ఉంటుంది. మగపిల్ల పుడితే ఆ రోజు నుంచే లెక్క మొదలవుతుంది. బేరగాడు వస్తాడు, నడుము మీద చెయ్యి వేసి నొక్కుతాడు, ఎత్తి బరువు చూస్తాడు, "ఇదేం తెగుద్దిలే" అని పెదవి విరుస్తాడు. బక్రీదుకో జాతరకో వాడు పోతాడు. నేను రెండు రోజులు గొంతు పోయేలా అరుస్తాను. పొదుగు బరువెక్కుతుంది, అవ్వ మాట్లాడకుండా పిండుతుంది. ఆ డబ్బుతోనే విత్తనం కొంటారు, బడి ఫీజు కడతారు. పాల డబ్బుతో నన్ను పోషించే ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. నా పాలు ఇంటి టీలోకి, పిల్లల గ్లాసులోకి పోతాయి. పాల కేంద్రానికి తీసుకెళితే గేదెపాలా ఆవుపాలా అని అడుగుతారు, మేకపాలు పోయడానికి అక్కడ డబ్బా ఉండదు. 2019 పశుగణనలో దేశంలోని మేకలం దాదాపు 14.89 కోట్లు తేలాం. ఇంతమందిమి కలిసినా దేశపు పాలల్లో మా వంతు దాదాపు 3 శాతమే.

నన్ను లెక్కలో వేయకపోవడంలో గాంధీగారు కూడా ఇంతే. 1912లో ఆయన పాలు మానేశారు. తర్వాత జబ్బుపడి లేవలేని స్థితికి వచ్చినప్పుడు, మీరు ఒట్టు పెట్టుకున్నది ఆవు, గేదె పాల గురించే కదా, మేకపాలు తాగొచ్చు అని కస్తూర్బా దారి చూపించింది. ఆయన తాగారు. మాట నిలబెట్టుకున్నానే గాని దాని ఆత్మను నిలబెట్టుకోలేదని చివరిదాకా నొచ్చుకున్నారు. లోకమంతా దీన్ని నాకు దక్కిన గౌరవంగా చెబుతుంది. నాకు మాత్రం ఇంకోటి తోస్తుంది. పాలన్నీ మానేస్తానన్నప్పుడు ఆ మహానుభావుడి తలపులో కూడా నేను లేను.

ఏడాదిలో ఒక్కసారి మాత్రం నాకు గిరాకీ వస్తుంది. వానలు పడి దోమలు లేచి, డెంగీ మాట వినబడగానే ఊళ్లో ఎన్నడూ చూడని మోటారు సైకిళ్లు మా గుమ్మం ముందు ఆగుతాయి. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, పచ్చిపాలు కావాలి, ఎంతైనా ఇస్తామంటారు. ఆవుపాలకంటే ఎన్నో రెట్లు పెట్టి కొంటారు. అవ్వ తీసుకుంటుంది, పేదింటిది, తప్పుపట్టను. కానీ నా పాలు ప్లేట్‌లెట్లను పెంచుతాయనడానికి ఆధారం లేదు. పైగా పచ్చివి తాగితే బ్రూసెల్లా జ్వరం కూడా అంటుకోవచ్చు. ఒక జ్వరానికి మందని ఇంకో జ్వరం కొనుక్కోవడమే కదా?

నా పాలకు నిజంగా ఉన్న గుణాలు చెబుతాను. వెన్న రేణువులు చిన్నవి, అందుకే మీగడ తొందరగా పైకి తేలదు. వెన్న తెల్లగా ఉంటుంది, పచ్చన ఉండదు. పాలచక్కెర ఆవుపాలలో ఉన్నంత దాదాపుగా ఉంటుంది, అది పడనివాళ్లకు ఇవీ పడవు. ఫోలేట్ చాలా తక్కువ, కాబట్టి పసిబిడ్డను వీటి మీదే పెంచితే రక్తహీనత వస్తుంది. ఇంతే. మంచి పాలు, మందు కావు.

అందుకే అడుగుతున్నాను. డెంగీ వస్తే ఆసుపత్రికి వెళ్లండి, మా గుమ్మానికి కాదు. మేకను కొనాలనుకుంటే పొదుగు చూసి కొనండి, వానలకు ముందే చిటుకరోగం టీకా వేయించండి, నట్టల మందు తాగించండి, కాళ్ల కింద తడి లేకుండా చూడండి. పాలు కాచి తాగండి. దోమలు లేని నెలల్లో కూడా అవ్వ దగ్గరికి వచ్చి, న్యాయమైన ధర పెట్టి కొనండి.