పొత్తిళ్ళు కొనుక్కునే రోజులు

మా రోజుల్లో బిడ్డ భూమ్మీద పడేదాకా గుడ్డముక్క కూడా కొననిచ్చేవారు కాదు. దిష్టి అనేవారు, కీడు అనేవారు. ఆ కీడు మీద నాకు నమ్మకం లేదు గానీ, ఆ మాట పుణ్యమా అని నీళ్ళాడకముందే ఇల్లు గుల్లయ్యే బాధ మాత్రం ఉండేది కాదు. ఇప్పుడు ఐదో నెల దాటిందో లేదో ఫోన్లో జాబితా తయారు. మొన్న మా మనవరాలు తన జాబితా చదివి వినిపించింది. అప్పుడే పుట్టిన పిల్లల సైజు బట్టలు రెండు డజన్లు, మస్లిన్ స్వాడిల్స్, పాలసీసాల స్టెరిలైజర్, వాటిని వెచ్చబెట్టే ఇంకో మిషను, వైప్స్ వేడిచేసే పెట్టె, డైపర్ మార్చడానికి ఒక బల్ల, బేబీ మానిటర్, స్ట్రోలర్, రాకర్, వాకర్. ఉండేది రెండు గదుల ఫ్లాటు. బిడ్డ ఏ మూల ఏడ్చినా వీధి గుమ్మందాకా వినపడే ఇంట్లో మానిటర్ దేనికని అడిగితే, "అందరూ కొంటున్నారు అమ్మమ్మా, మనం కొనకపోతే రేపు ఏమన్నా అయితే?" అంది.

ఆ 'ఏమన్నా అయితే' మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది. తొలిచూలు పిల్లకి ఎటూ భయం ఉంటుంది. ఆ భయం పోగొట్టే పెద్దవాళ్ళు పక్కన లేరు. దుకాణంవాడు మాత్రం ఇరవైనాలుగు గంటలూ చేతిలో ఫోనులోనే ఉంటాడు.

ఆ మస్లిన్ స్వాడిల్‌ని పట్టుకుని చూశాను. మంచి గుడ్డే, కాదనను. మా ఇళ్ళలో అది కొనే వస్తువు కాదు, అంతే. ఉతికి ఉతికి మెత్తబడిన నేతచీరలు, తాతగారి మల్లు పంచెలు ఏడో నెలలో బయటికి తీసేవాళ్ళం. కావలసిన కొలతకి చింపి, వేడినీళ్ళలో ఉడకబెట్టి, గట్టి ఎండలో ఆరేసి, మడతలు పెట్టి ట్రంకుపెట్టెలో దాచేవాళ్ళం. కొత్తగుడ్డకి గంజి ఉంటుంది, అంచులు ఒరుసుకుంటాయి. పాతగుడ్డ అప్పటికే ఒక ఒంటికి అలవాటుపడి ఉంటుంది. బిడ్డని చుట్టింది మేనత్త చీరో, నాయనమ్మ చీరో అంచు చూసి చెప్పేవాళ్ళం. నేతచీరలు బీరువాలో మూలుగుతుంటే పొత్తిళ్ళు ఆర్డరు పెట్టి తెప్పించుకోవడం నాకు మింగుడుపడదు.

బట్టల సంగతీ అంతే. బిడ్డ ఐదారు నెలలకి పుట్టినప్పటి బరువుకి రెట్టింపవుతుంది, ఏడాదికి మూడింతలవుతుంది. పుట్టిన కొలతకి కొన్న బట్ట నెల తిరక్కుండా బిగుతైపోతుంది. బటన్లూ జిప్పులూ ఉన్న ఆ బుల్లి సూట్లు ఒకటి రెండుసార్లు వేసి ఫొటో తీశాక పక్కన పడతాయి. మేం నాడాలతో కట్టే జబ్లాలు కుట్టేవాళ్ళం. బిడ్డ పెరిగినకొద్దీ ముడి వదులు చేసుకుంటే మూడు నాలుగు నెలలు వచ్చేవి. అరడజను చాలు. ఆ తర్వాత అవి ఇంకో ఇంటికి వెళ్ళేవి.

ఆ వెళ్ళడమే అసలు సంగతి. మేం పొదుపరులమని చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. పొదుపన్న ఆలోచనే మాకు లేదు. వస్తువులకి కాళ్ళుండేవి, ఇల్లు మారేవి. మా పుట్టింటి చెక్క తొట్టె మా వంశంలో ఎంతమందిని ఊపిందో లెక్క లేదు. ఎవరింట్లో బారసాల ఉంటే ఆ ఇంటికి అది బండెక్కేది. గొలుసులు ఒకచోట, దూలానికి తగిలించే కొక్కేలు ఇంకోచోట ఉన్నా, ఏది ఎవరి దగ్గరుందో ఆడవాళ్ళందరికీ కంఠతా. వెండి ఉగ్గుగిన్నె కూడా అలాగే తిరిగేది. ఆరోగ్యంగా పెరిగిన పిల్లల బట్టలు అచ్చొస్తాయని అడిగి మరీ తీసుకునేవాళ్ళం. ఇచ్చినవాళ్ళకి అది గౌరవం, తీసుకున్నవాళ్ళకి ధైర్యం.

ఇప్పుడు? మా బంధువుల్లోనే ఒకరింట్లో స్ట్రోలర్ బాల్కనీలో దుమ్ము కొట్టుకుపోతోంది. అదే ఊళ్ళో వాళ్ళ పినతండ్రి కూతురు అలాంటిదే కొత్తది వేలు పోసి కొంది. అడగడానికి వీళ్ళకి నామోషీ. ఇస్తామనడానికి వాళ్ళకి మొహమాటం, పాతది అంటగట్టారంటారేమోనని. నాకు నిజంగా కడుపు మండేది ఇక్కడే. డబ్బు పోయిందని కాదు. అక్కచెల్లెళ్ళ బిడ్డలు ఒకే తొట్టెలో పెరిగే వీలుండీ దాన్ని వదులుకున్నారని.

ఇక డైపర్లు. ఎక్కువ డబ్బు పోయేది వీటి మీదే. రోజుకి ఎనిమిది మారుస్తారనుకోండి, ఒక్కోటి పది రూపాయలే అనుకోండి, నెలకి 2,400. పగలంతా లంగోటీలు కట్టి రాత్రికి రెండు డైపర్లతో సరిపెడితే అది 600కి దిగుతుంది. ప్రయాణాల్లో, జ్వరం వచ్చినప్పుడు, తల్లికి నిద్ర చాలనప్పుడు వాడుకోండి, వద్దనను. 2025 సెప్టెంబరులో డైపర్ల మీద, పాలసీసాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే. వాడకం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇక్కడ మా రోజుల గురించి ఒక నిజం చెప్పకపోతే తప్పవుతుంది. ఆ పొత్తిళ్ళూ లంగోటీలూ ఉతికిందెవరు? చాలా ఇళ్ళలో చాకలి ఇంటి ఆడవాళ్ళు. పురిటిబట్టలు మూటగట్టుకుని చెరువుకి వెళ్ళి, చలికాలంలో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉతికేవాళ్ళు. ఏడాదికి ఇన్ని గింజలు కొలిచి ఇచ్చి లెక్క సరిపోయిందనుకునేవాళ్ళు ఊళ్ళో. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరను. ఇప్పుడు మాలాంటి ఇళ్ళలో వాషింగ్ మెషీన్ ఉంది. లంగోటీ కట్టడానికి మా కాలం కంటే ఇదే మంచి కాలం. ఎవరి చేతులూ పగలక్కర్లేదు. మరి డైపర్ వాడి పారేస్తే ఎవరి చేతికి వెళ్తుంది? దాన్ని చుట్టి విడిగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. అయినా కూరగాయల తొక్కలతో కలిపి సంచిలో కుక్కుతున్నారు. తెల్లవారుజామున దాన్ని ఏరేది మళ్ళీ ఇంకో ఆడమనిషే.

తిండి దగ్గరికొస్తే, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదని డాక్టర్లు చెబుతున్నారు. మా వాళ్ళు పుట్టగానే నాలిక్కి తేనె రాసేవారు, ఆముదం పట్టేవారు, వసకొమ్ము అరగదీసి నాకించేవారు. ముక్కులో నూనె చుక్కలు, కళ్ళకి కాటుక. ఇవన్నీ పోవడమే మేలు. ఏడాది లోపు పిల్లలకి తేనె ప్రమాదమని ఇప్పుడు ఏ పిల్లల డాక్టరైనా చెబుతాడు. పాలు పడని తల్లి డాక్టరు సలహాతో డబ్బాపాలు పడితే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అవసరం లేని తల్లికి డబ్బా అలవాటు చెయ్యడమే తప్పు. అందుకే 1992లో చట్టం చేశారు, 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్ళలోపు పిల్లల పాలపొడికి, తిండికి, పాలసీసాలకి ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకి ఉచితంగా శాంపిళ్ళు పంచకూడదు. ఈ చట్టం ఉందన్న సంగతే చాలామంది అమ్మలకి తెలియదు.

ఆరు నెలలు నిండాక ఉగ్గు. బియ్యం, పెసరపప్పు కడిగి ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చిటికెడు జీలకర్ర, వాము చేర్చి మెత్తటి రవ్వగా విసరాలి. మిక్సీలో ఐదు నిమిషాల పని. మొలకెత్తించి ఎండబెట్టిన రాగులు పిండి పట్టిస్తే ఇంకొకటి. రెండూ కలిపినా డబ్బా ధరలో చిన్న వంతు. పైగా ఏం వేశామో మనకి తెలుసు. స్విట్జర్లాండులోని పబ్లిక్ ఐ అనే సంస్థ 2024లో ఒక సంగతి బయటపెట్టింది. పేరున్న ఒక పిల్లల తిండి మన దేశంలో అమ్మేటప్పుడు అందులో చక్కెర కలుపుతున్నారట. అదే కంపెనీ సొంత దేశంలో అమ్మే సరుకులో కలపడం లేదట. చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

వాకర్ గురించి ఎక్కువ రాయను. ప్రమాదాలు జరుగుతున్నాయని కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. నడక నేర్వడానికి నేల చాలు, పట్టుకోవడానికి మూడు చక్రాల చెక్కబండి చాలు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్కతో రంగులద్దిన గిలక్కాయలు దొరుకుతాయి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొమ్మ కొనాలనిపిస్తే అవి కొనండి. ప్లాస్టిక్ గుట్ట వద్దు. దిండ్లు, పక్కల చుట్టూ పెట్టే మెత్తలు కూడా వద్దు. ఊపిరాడక ప్రమాదమట. మా కాలపు ఆవాలదిండుకీ ఇదే మాట వర్తిస్తుంది.

బిడ్డకి నిజంగా ఏం కావాలో తెలుసుకోవాలంటే ఒకటి చూడండి. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పయినవాళ్ళకి 2017 నుంచి ఇచ్చిన కేసీఆర్ కిట్‌లో పదహారు రకాల వస్తువులుండేవి. సబ్బు, నూనె, దోమతెర ఉన్న చిన్న పక్క, బట్టలు, తువ్వాళ్ళు, తల్లికి చీరలు, అలాంటివే. వైప్స్ వేడిచేసే పెట్టె అందులో లేదు. టీకాలకీ పెద్ద ఖర్చు అక్కర్లేదు. జాతీయ పట్టికలో ఉన్నవన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు. జీతాలున్న ఇళ్ళవాళ్ళు కూడా నిశ్చింతగా వెళ్ళవచ్చు.

ఖర్చు పెట్టాల్సినచోట మాత్రం చెయ్యి ముడవకండి. కారుంటే పిల్లల సీటు కొనాల్సిందే. ఒళ్ళో కూచోబెట్టుకుని ముందుసీట్లో ప్రయాణం చేసేవాళ్ళని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. 2019లో మార్చిన మోటారు చట్టంలో పిల్లల్ని సీటుబెల్టుతోనో, వాళ్ళకి తగిన సీటుతోనో కట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది.

రెండోది బాలింత. మా రోజుల్లో పథ్యం పేరుతో కారప్పొడి, ఎండు అన్నం పెట్టి మాడ్చేవారు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు చెబుతున్నారు. ఆకుకూర, పప్పు, పాలు, గుడ్డు, కడుపునిండా పెట్టాలి. ఒక్క విషయంలో మాత్రం మా కాలమే నయం. తొలికాన్పు పుట్టింట్లో, మూడో నెల దాటేదాకా అక్కడే. వంట ఒకరు, స్నానం ఒకరు, రాత్రి బిడ్డని ఎత్తుకునేది ఒకరు. ఇప్పుడు కుట్లు మానకముందే ఫ్లాటులో ఒంటరిగా కుక్కరు పెడుతోంది పిల్ల, చుట్టూ అన్ని మిషన్లు పెట్టుకుని. మా మనవరాలితో అదే చెప్పాను. స్ట్రోలరు, రాకరు, మానిటరు, వార్మరు కొట్టేసి, ఆ డబ్బుతో రెండు నెలలు ఇంటికొచ్చి వండిపెట్టే మనిషిని చూసుకోమన్నాను. ఆవిడ జీతం దగ్గర మాత్రం బేరమాడొద్దన్నాను.