వారసుడు లేని చావు

తెలుగునాట మహానటుడు పోతే ఎంతమంది ఏడవాలనేది ఆయన నటనని బట్టి తేలే లెక్క కాదు. ఆ ఇంటి కుర్రాడి తర్వాతి సినిమా ఎప్పుడు విడుదలో చెప్పండి, కన్నీళ్ళు ఎన్ని బిందెలో నేను చెబుతాను.

నమ్మకం కుదరకపోతే 'గుండమ్మ కథ' తీసుకోండి. 1962 నాటి సినిమా. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీ రంగారావు, పేరుకు తగ్గ గుండమ్మగా సూర్యకాంతం. నలుగురూ పోయారు. మొదటి ఇద్దరి ఇళ్ళలో హీరోలు మూడోతరం దాకా వచ్చారు, కాబట్టి వాళ్ళ కోసం దుఃఖం కూడా ఏటేటా రెన్యువల్ అవుతోంది. జనవరి 18 వస్తే హైదరాబాదులో ఎన్టీఆర్ ఘాట్ పూలతో నిండిపోతుంది. 2024లో అయితే ఆ రోజు పెద్ద వార్త పెద్దాయన గురించి కూడా కాదు. ఘాట్ దగ్గర ఏ వారసుడి ఫ్లెక్సీ ఉండాలి, ఎవరిది పీకేయాలి అన్నది. సమాధి దగ్గర కూడా కటౌట్ పంచాయితీయే.

మిగిలిన ఇద్దరూ మా వాళ్ళు. మద్రాసు వాళ్ళని చూడకముందే చూసింది కాకినాడ. యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో ముఖాలకి రంగేసుకున్నవాళ్ళు. రంగారావు 1974 జూలై 18న పోయారు. 'నర్తనశాల' కీచకుడిగా జకార్తాలో ఆఫ్రో ఆసియా చిత్రోత్సవం ఉత్తమ నటుడన్న మనిషి. సూర్యకాంతం 1994 డిసెంబరు 18న పోయారు. ఈ ఊరి పక్కనే వెంకటకృష్ణరాయపురంలో పుట్టిన ఆడబిడ్డ. ఆ తేదీల్లో భానుగుడి జంక్షన్లో ఏ ఏడాదైనా అభిమానుల ర్యాలీతో ట్రాఫిక్ ఆగిందని ఎవరైనా చూపిస్తే డబ్బాడు కోటయ్య కాజా పందెం. కాజా నా దగ్గరే ఉండిపోతుందన్న ధైర్యంతోనే అంటున్నాను.

పోనీ 2014 సంక్రాంతి రోజులు గుర్తు చేసుకోండి. జనవరి 13న చెన్నైలో అంజలీదేవి పోయారు. పెద్దాపురం పిల్ల, ఇదే హ్యాపీ క్లబ్బు నటి, 'సువర్ణసుందరి'. మనం అరిసెలు తింటూ పేపర్లో ఒక మూల చదివి పక్కన పెట్టాం. తొమ్మిది రోజులకి, 22న, అదే సువర్ణసుందరి పక్కన నటించిన అక్కినేని పోయారు. టీవీలన్నీ రోజంతా అదే. ఏఎన్నార్‌కి ఆ గౌరవం ఎక్కువైందని ఎవరూ అనరు, నేనూ అనను. నాయికకి తొమ్మిది రోజుల ముందు అందులో పావువంతైనా ఎందుకు దక్కలేదని అడుగుతున్నానంతే. ఆవిడ పేరు చెప్పి ఓపెనింగులు తెచ్చుకోవాల్సిన కుర్రాడు ఎవడూ లేడు మరి.

ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డొస్తాడు. "మరి రావు గోపాలరావు గారికి వారసుడున్నాడు కదండీ?" ఆయ్, ఉన్నాడండి, రావు రమేష్. తండ్రి పేరు నిలబెట్టిన నటుడు. కాకపోతే నటుడితో అభిమాన సంఘానికి పనేముంది? 'ముత్యాల ముగ్గు' కాంట్రాక్టరు డైలాగులు నోటికి రాని మనిషి ఈ జిల్లాల్లో ఉండడు, కానీ 1994 ఆగస్టు 13 అంటే ఏమిటో తెలిసిన మనిషి కూడా ఉండడు. కొడుకు హీరోలకి తండ్రి వేషాలు వేస్తాడు గానీ, స్టార్ హీరో కాడే! వారసుడంటే బెనిఫిట్ షో పడాలి. అప్పుడే తండ్రి చావుకి విలువ.

కృష్ణంరాజు గారి దగ్గరికి వద్దాం. ఈయన్ని 1998లో కాకినాడే లోక్‌సభకి పంపింది, కాబట్టి మాట్లాడే హక్కు మాకూ కొంత ఉంది. 2022 సెప్టెంబరు 11న పోయారు. 29న సొంతూరు మొగల్తూరులో సంస్మరణ సభ. గోదావరి జిల్లాల నుంచి జనం విరగబడ్డారు. వచ్చినవాళ్ళని ఆకలితో పంపడం క్షత్రియుల ఇళ్ళలో మర్యాద కాదు. మాంసం, చేపలు, రొయ్యలు, లెక్కపెట్టలేనన్ని రకాలు వండి వడ్డించారు. కొడుకు వరసైన ప్రభాస్, అంత దుఃఖంలోనూ, అందరూ భోంచేసే వెళ్ళాలని బతిమాలుకున్నాడు. ఆ కుటుంబాన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పంతా వచ్చినవాళ్ళది. భక్త కన్నప్పగా కన్ను శివుడికిచ్చేసిన నటుడి సంస్మరణకి వచ్చారే, ఆ వేలవేల కళ్ళలో ఒక్క జత కూడా ఆయన పటం మీద నిలవలేదు. ప్రభాస్ ఎటు కదిలితే అటే. ఈలలు, కేకలు, ఫోన్లు పైకెత్తిన చేతులు. పెదనాన్న పోయిన మనిషికి చావింట్లో ఈల వేసి ధైర్యం చెప్పడం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో కనుక్కోవాలి. మరో మూడు రోజులకి, అక్టోబరు 2న, అయోధ్యలో ప్రభాస్ 'ఆదిపురుష్' టీజరు వచ్చింది. అప్పటిదాకా ఆగిన కన్నీళ్ళు గ్రాఫిక్స్ చూశాక ధారగా కారాయి.

ఆ ఏడాదే నవంబరు 15న కృష్ణ గారు పోయారు. ఆయన లేని మొదటి పుట్టినరోజు, 2023 మే 31. ఆయన 1971లో సొంత డబ్బు పెట్టి తీసిన కౌబాయ్ సినిమా 'మోసగాళ్ళకు మోసగాడు' మళ్ళీ హాళ్ళకొచ్చింది. మంచి నివాళే. అదే హాళ్ళలో మహేష్ కొత్త సినిమా 'గుంటూరు కారం' పేరు కూడా ఆ రోజే బయటపెట్టారు. టికెట్టు తండ్రిది, ఈల కొడుకుది.

ఇక ఫ్లెక్సీ. ఇది మన ప్రాంతపు శోకకావ్యం. పోయినాయన బొమ్మ పైన ఒక మూల, గుడ్డు ఆకారంలో, చుట్టూ మబ్బులు, ఒక పావురం. నడుమ నిలువెత్తున వారసుడు, రాబోయే సినిమా గెటప్పులో. కుడివైపు డివిజను నాయకుడు, సెల్‌ఫోన్ చెవిన పెట్టుకుని, దుఃఖవార్త అప్పుడే అందినట్టు. కింద వరసలు వరసలుగా తలకాయలు. ఒక్క ముఖంలోనూ విచారం కనపడదు, ఎందుకంటే అవి మొన్న హీరో బర్త్‌డేకి కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని దిగిన ఫోటోలు. షాపు కుర్రాడు చేసే మార్పల్లా 'జన్మదిన శుభాకాంక్షలు' చెరిపి 'అశ్రునివాళి' అని కొట్టడమే. ఈలోగా ఫోను. "పోయినసారి రెండో వరసలో ఉన్నాన్రా, ఈసారి మూడో వరసలో పడేశావేంటి?" "సర్దేస్తానండి, కంగారు పడకండి." ఎలా సర్దుతాడు? పోయినాయన ఎలాగూ ఫోను చేసి అడగడు కదా, ఆయన గుడ్డు ఇంకాస్త చిన్నదవుతుంది.

బెంగుళూరుతో పోలిస్తే మనవాళ్ళు సాధువులే, అదీ చెప్పాలి. 2006 ఏప్రిల్లో కన్నడ నటుడు రాజ్‌కుమార్ పోతే అభిమానం బస్సులు తగలబెట్టింది, ప్రాణాలు తీసింది. మనం ఫ్లెక్సీ కట్టి, పాలు పోసి, ఫోటో దిగి ఇంటికెళ్ళిపోతాం.

నిజంగా ఏడ్చేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. వాళ్ళు టీవీ ముందు కూర్చుని, కృష్ణంరాజు 'బొబ్బిలి బ్రహ్మన్న' ఏ హాల్లో ఎవరితో చూశారో తలుచుకుని, భోజనం సరిగ్గా చేయకుండా పడుకుంటారు. ఫ్లెక్సీ చందాకి వచ్చినవాళ్ళకి తలుపు తీయరు. అందుకని వాళ్ళని అభిమానులుగా ఎవరూ లెక్కేయరు.

వారసుడు లేకపోయినా ఒక్కోసారి దారి దొరుకుతుంది లెండి. రంగారావు గారికి 2019 అక్టోబరులో తాడేపల్లిగూడెంలో విగ్రహం లేచింది, చిరంజీవి ఆవిష్కరించారు. పోయిన 45 ఏళ్ళకి. కీచకుడూ ఘటోత్కచుడూ మాంత్రికుడూ అయిన మనిషి 'మనోడు' కూడా అని తేలడానికి అంతకాలం పట్టింది. జకార్తా వాళ్ళకి ఆ వివరం తెలియకపోయినా బహుమతి ఇచ్చేశారు పాపం.

కాబట్టి నాదో మనవి. వారసుల్లేని మహానటుల్ని అభిమాన సంఘాలకి దత్తత ఇచ్చేయాలి. కొత్త సినిమా రిలీజున్న ప్రతి హీరో సంఘమూ తలా ఒకరిని తీసుకుని, తద్దినం నాడు కనీసం ఒక జంక్షను మూయించాలి. అంజలీదేవికి పోటీ ఉంటుంది, అందగత్తె కాబట్టి. గోపాలరావు గారిని డైలాగుల కోసమైనా ఎవరో ఒకరు పట్టుకుపోతారు. చిక్కంతా సూర్యకాంతం గారితోనే. ఆవిడ బొమ్మ గుడ్డులో ఇమడదు. ఇమిడినా, అంత దగ్గరగా కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని నిలబడే మొనగాడు, మొదటి వరస ఖాళీగా ఉందన్నా, ఈ ఊళ్ళో దొరకడు.