జుట్టురంగు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ జుట్టురంగు గారి సముఖమునకు,

విజయవాడ నుంచి మీ పాత ఖాతాదారు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మా బాత్రూం అలమరలో పై అరన, డెట్టాల్ సీసా వెనక క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ పాకెట్టు మీద నవ్వుతూ నిలబడ్డ అమ్మాయి కూడా కులాసాయే కదా? ఆ పిల్లకి పాతికేళ్లు దాటి ఉండవు. ఆ వయసులో మీతో ఆవిడకేం పని పడిందో నాకు ఇన్నేళ్లయినా బోధపడలేదు.

ఉభయకుశలోపరి. వచ్చే మాఘంలో మా మేనకోడలి పెళ్లి. ఆ పెళ్లికి మిమ్మల్ని తలకెత్తుకోవాలా వద్దా అని ఇంట్లో చర్చ నడుస్తోంది. చర్చ నా తల గురించి గనక నేను తప్ప అందరూ మాట్లాడారు. ఇక నా మాట ఏదో మీకే నేరుగా చెప్పుకుందామని కూర్చున్నాను.

ముందు నేను మీకు చేసిన సేవలు విన్నవించుకుంటాను. మనం చెప్పుకోకపోతే మీరు మరిచిపోయే రకం. మీరు దయచేసే ఆదివారం నాడు టిఫిన్ పని పొద్దున్నే ముగించేదాన్ని. మీకంటూ విడిగా ఒక ప్లాస్టిక్ గిన్నె, ఒక బ్రష్షు, ఒక పాత తువ్వాలు, చంకలో చిరిగిన నైటీ ఒకటి ఉంచాను. ఆ నైటీ మీద మచ్చలు చూసి మా పనమ్మాయి "అమ్మా, దీన్ని మసిగుడ్డ చేసెయ్యనా" అంటే, "వద్దే, అది వారొచ్చినప్పుడు కట్టుకునేది" అన్నాను. నుదుటి అంచునా చెవుల వెనకా కొబ్బరినూనె రాసుకుని, కింద పేపరు పరిచి, ముందొక అద్దం వెనకొక అద్దం పెట్టుకుని, మెడ పట్టేసేదాకా వెనక పాయల్ని అందుకుంటూ మిమ్మల్ని పట్టించాను. ఆ తరవాత అరగంటసేపు గోడకి ఆనకుండా, దిండుకి ఆనకుండా నిటారుగా కూర్చున్నాను. కొరియర్ అబ్బాయి ఓటీపీ చెప్పమంటూ తలుపు కొట్టేది సరిగ్గా ఆ అరగంటలోనే.

ఇంత మర్యాదకీ మీరు చేసిందేమిటి? నా తలకన్నా ముందు బాత్రూం టైల్స్ మధ్య సిమెంటు నల్లబడింది. కుడిచెవి తమ్మె నల్లబడింది. గోళ్ల సందులు నల్లబడ్డాయి. సోమవారం ఆఫీసులో పక్క సీటావిడ నా వేళ్లు చూసి, "నిన్న అరటిపువ్వు ఒలిచారా?" అని అడిగింది. ఒలిచానన్నాను. ఎలా వండారని అడిగితే పెసరపప్పు వేసి వండానని కూడా చెప్పాల్సి వచ్చింది. ఆ అబద్ధాలు రెండూ మీ ఖాతాలో రాసుకోండి. పోనీ నలుపైనా సరైన నలుపా? నా అసలు జుట్టు ఎండలో కాస్త గోధుమరంగు తిరిగేది. మీ నలుపుకి ఎండా లేదు, నీడా లేదు.

మీ పుట్టుపూర్వోత్తరాలు తెలియని దాన్ననుకోకండి. 1907లో పారిస్‌లో యూజీన్ షుయెల్లర్ అనే కుర్ర రసాయన శాస్త్రవేత్త మీకొక రూపమిచ్చి మంగలి దుకాణాలకు అమ్మాడు. రెండేళ్లకి, 1909లో, కంపెనీ పెట్టాడు. అదే ఈనాటి లోరియాల్. అప్పట్నుంచి మీ పద్ధతి పెద్దగా మారలేదు. ముందు అమోనియా వచ్చి వెంట్రుక పైపొర పొలుసుల్ని విప్పుతుంది. ఆ సందులోంచి రంగే లేని చిన్న చిన్న అణువులు లోపలికి దూరతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ తగలగానే అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, రంగు తేలి, వచ్చిన దారిన బయటికి పోలేక లోపలే ఉండిపోతాయి. ఆ అణువుల్లో ముఖ్యమైనది పారాఫెనిలిన్ డయమైన్. పాకెట్టు వెనక, భూతద్దం పెడితే గాని కనబడని అక్షరాల్లో మీరు రాసేది ఆ పేరే.

ఇందులో ఒక చమత్కారం ఉంది, మీకు చెప్పి తీరాలి. తెల్లబడుతున్న వెంట్రుకల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకుంటుందని, దాన్ని విరగ్గొట్టే ఎంజైము తగ్గిపోవడమే అందుకు కారణమని 2009లో కొందరు శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే నా జుట్టు తెల్లబడటంలో చేయి ఉన్న పదార్థాన్నే, నల్లబరచడానికని సీసాలో పోసుకొచ్చి నాకే అమ్ముతున్నారన్నమాట. ఒత్తిడి ఎక్కువైతే రంగు తయారు చేసే మూలకణాలు వేళకి ముందే ఖర్చయిపోతాయని 2020లో హార్వర్డ్ వాళ్లు ఎలుకల్లో చూసి చెప్పారు. ఆదివారం పొద్దున్న మీతో నేను పడే అవస్థ కూడా ఒత్తిడి కిందికే వస్తుందేమో వాళ్లని అడగాలి.

సరే, రంగు లోపలే ఉండిపోయింది కదా, అక్కడితో అయిపోయిందా? వెంట్రుక నెలకి ఓ సెంటీమీటరు పెరుగుతుంది. పెరిగేది కుదుళ్ల దగ్గర, అదీ తెల్లగా. మూడు వారాలు తిరిగేసరికి నడినెత్తిన, సరిగ్గా నేను కుంకుమ పెట్టుకునే పాపిటలో, సున్నంతో గీసినట్టు తెల్లగీత. మీరు ఒక్కసారి పెట్టి ఊరుకునే ఖర్చు కారు, నెలనెలా కట్టాల్సిన అద్దె. అసలు వేసుకోని మనిషికి నాలుగు తెల్లవెంట్రుకలుంటే ఎవరూ పట్టించుకోరు. మీ దగ్గర ఖాతా ఉన్న మనిషికి ఆ ఒక్క గీత కనబడిందా, "డై మానేశారా?" అని లిఫ్టులో కూడా అడుగుతారు. ఇదే నా పెద్ద ఫిర్యాదు. తక్కినవన్నీ దీని తరవాతే.

మీ మారుపేర్ల సంగతి కూడా ఉంది. ఒకసారి "నో అమోనియా" అంటారు; చూస్తే చాలాసార్లు దాని బదులు ఇథనాలమైన్ ఉంటుంది, పారాఫెనిలిన్ డయమైన్ ఉన్నచోటే ఉంటుంది. ఇంకోసారి "హెర్బల్" అని ఆకుల బొమ్మ వేసుకొస్తారు. మరోసారి "నల్ల గోరింట" అంటారు. అట్లతద్ది నాడు గోరింటాకు రుబ్బి చేతికి పెట్టుకున్న ఏ ఆడపిల్లకైనా తెలుసు, అది ఎర్రగా పండుతుంది తప్ప నల్లగా పండదు. నిజంగా ఆకులతోనే నలుపు రావాలంటే ముందు గోరింట పెట్టి, కడిగి, ఆ పైన నీలి ఆకు పొడి పెట్టాలి. సగం రోజు పని. అరగంటలో తుమ్మెదరెక్క నలుపు తెచ్చే ఆకేదీ భూమ్మీద లేదు. మా అమ్మ గుంటగలగరాకు నూనె కాచి పంపింది. అమ్మ మాట తీసేయలేక రాశాను. నూనె నల్లగా ఉంది, వెంట్రుకలు తెల్లగానే ఉన్నాయి.

మా పిన్ని కూతురి విషయం రాయకూడదనుకున్నాను గాని రాస్తున్నాను. ఏళ్ల తరబడి మిమ్మల్ని నమ్ముకున్న మనిషి. ఒక రోజు రాత్రి నుదురు దురద మొదలై, తెల్లారేసరికి రెప్పలు వాచి కళ్లు తెరుచుకోలేదు. వంకాయ తిన్నావేమోనని ఇంట్లో వాళ్లంతా వంకాయని తిట్టారు. చర్మం డాక్టరు చెవుల వెనక చూసి, "జుట్టుకేం వాడుతున్నారు?" అని ఒక్క ప్రశ్న వేశారు. మీరొకసారి ఒంటికి పడకపోతే ఇక సాధారణంగా జన్మలో పడరట. ఇన్నేళ్లు వాడాను కదా అన్న మాట చెల్లదట. అంతకాలం కొలిచిన దానికి ఇదా ఫలం? వంకాయకైనా క్షమాపణ చెప్పారా?

మీ ఘనత తగ్గించాలని కాదు. ఇరవై ఏడేళ్లకే బాలనెరుపు వచ్చి, వచ్చిన సంబంధాలన్నీ తలవైపు చూసి వెనక్కి పోతుంటే ఏడ్చిన అమ్మాయి నాకు తెలుసు. ఆమెకి మీరు ఆసరాగా నిలబడ్డారు. దానికి దండం పెడతాను. తెల్లజుట్టు వదిలేస్తేనే ఆత్మగౌరవం అని ఉపన్యాసాలిచ్చే వాళ్లతో కూడా నాకు పడదు. నా నెత్తి మీద ఏముండాలో నాకు చెప్పడంలో మీకూ వాళ్లకీ తేడా లేదు.

మీరు లేని రోజుల్లో వ్యవహారం ఎంత సూటిగా ఉండేదో చూడండి. జాతక కథల్లో మిథిలని ఏలిన మఖాదేవుడనే రాజు ఉన్నాడు. తలలో తెల్లవెంట్రుక కనబడగానే చెప్పమని మంగలికి ముందే ఆజ్ఞ. అతను ఒకనాడు చూసి, బంగారు పట్టకారుతో తీసి రాజుగారి అరచేతిలో పెట్టాడు. రాజు ఆ మంగలికి ఒక ఊరు రాసిచ్చి, రాజ్యం కొడుక్కి అప్పజెప్పి తపస్సుకి వెళ్లిపోయాడు. రఘువంశంలో కాళిదాసు, ముసలితనం తెల్లవెంట్రుక వేషంలో దశరథుడి చెవి దగ్గరికొచ్చి రాముడికి రాజ్యమిమ్మని చెప్పినట్టు రాశాడు. కైక వింటుందేమోనని గుసగుసగానట! అప్పుడు మీరుండి ఉంటే దశరథుడు ఆ రెండు వెంట్రుకలకి మిమ్మల్ని పూయించుకుని ఇంకో ఇరవై ఏళ్లు ఏలేవాడు. పట్టాభిషేకం లేదు, వరాలు లేవు, రామాయణమే లేదు. ఎనభయ్యో పడిలో కూడా నిగనిగలాడే తలలతో వేదికలెక్కి యువతకు అవకాశమివ్వాలని చెప్పే నాయకుల్ని చూసినప్పుడల్లా మీ ప్రభావం ఎంతటిదో తెలుస్తుంది. నా మటుకు నాకు రాజ్యమూ లేదు, ఇవ్వదగిన ఊరూ లేదు. మా పార్లర్ అమ్మాయి తెల్లవెంట్రుక చూస్తే చేతిలో పెట్టదు, రేటు కార్డు పెడుతుంది.

ఇక మగవాళ్ల ఊసు. మా వారి చెంపలు నెరిసినప్పుడు "సారుకి హుందాతనం వచ్చింది" అన్నారు. నావి నెరిస్తే "థైరాయిడ్ చూపించుకున్నారా?" అన్నారు. 2011లో తమిళ సినిమా 'మంకత్తా'లో అజిత్ నెరిసిన జుట్టుతోనే హీరోగా కనిపిస్తే హాళ్లలో ఈలలు మోగాయి. ఆ పాటి తెల్లజుట్టుతో మన సినిమాలో హీరోయిన్ కనబడిందా, ఆవిడ హీరో తల్లి. ఇందిరాగాంధీ గారికి ముందు భాగంలో ఆ తెల్లపాయ ఉండేది. 1980లో మెదక్ ఆవిడని ఆ పాయతోనే గెలిపించింది. ప్రధానమంత్రి అయితే ఫరవాలేదు కాబోలు, గుమాస్తా అయితేనే చిక్కు.

మీరు లేకపోతే ఏమవుతుందో చూద్దామని ఉగాది దాటాక మిమ్మల్ని పిలవడం మానేశాను. జుట్టు పైసగం తెల్లగా, కిందిసగం మీ నలుపుగా తయారైంది. ఆడవాళ్లకి టికెట్టు లేని స్త్రీశక్తి బస్సులో కండక్టరు నా ఆధార్ కార్డు చేతిలోకి తీసుకున్నాడు. అందులో ఫొటో మీ ఉచ్చదశలో దిగింది. కార్డు చూశాడు, నన్ను చూశాడు. "ఇది మీ అమ్మాయి కార్డండీ, మీది ఇవ్వండమ్మా" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ వెనకే ఒక కుర్రాడు లేచి సీటిచ్చాడు. బెంజి సర్కిల్ దాకా కూర్చునే వెళ్లాను. ఇన్నేళ్లలో మీ వల్ల నాకొక్క సీటు దొరికిందా?

ఇక పెళ్లి చర్చకొస్తే, అసలు అభ్యంతరం మా అక్కది. "నువ్వు తెల్లతలతో పందిట్లో నిలబడితే నాకెన్నేళ్లో జనం లెక్కేసుకోరూ? నీకన్నా ఆరేళ్లు పెద్దదాన్ని!" అంది. ఇంట్లో అందరూ ఇచ్చిన సలహాల్లో నిజాయితీగా ఉన్నది అదొక్కటే. నేను రంగు వేసుకోవాల్సింది నా కోసం కాదు, మా అక్క వయసు కాపాడటానికి! అక్కంటే ప్రాణమే గాని, నెలనెలా ఆవిడ తరఫున నేను అద్దె కట్టలేను.

కాబట్టి తమరికి తెలియజేయునది ఏమనగా, పెళ్లికి తమరు రానవసరం లేదు. మీ నలుపు మిగిలిన చివర్లు కత్తిరించెయ్యమని పార్లర్‌లో చెప్పాను. అలమరలో ఉన్న పాకెట్లు అక్క పట్టుకెళ్లింది. ఇకపై ఉత్తరప్రత్యుత్తరాలు ఆ చిరునామాతో జరపగలరు.

ఇట్లు,
మీ మాజీ ఖాతాదారు

తా.క. ఇది పాఠకులకి. వేసుకోవాలనుకుంటే నిక్షేపంగా వేసుకోండి. కాకపోతే ఎప్పుడూ వాడే రంగే అయినా ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో ఓ చుక్క రాసి 48 గంటలు ఆగి చూడండి. కనుబొమ్మలకీ రెప్పలకీ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ రాయకండి.